నీలం మాత్ర వెనుక మనిషి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు



ప్రతి సంచికలోనూ ఒక మహనీయుని జీవితం రాయడం మనకు ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి అన్నలు ఇదివరకే చక్కగా రాశారు. ఈసారి ఆ పని మాకు అప్పగించగానే మాకు గుర్తుకొచ్చింది హాస్టల్‌లో వారానికొకసారి అన్నం తిన్నాక చేతిలో పెట్టే నీలం రంగు మాత్ర. ఆ మాత్రలో రెండు మందులుంటాయి. 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. ఐరన్ సంగతి అందరికీ తెలుసు. రెండో మందు వెనుక భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాడు ఉన్నాడని మాత్రం చాలామందికి తెలియదు. ఆ మాత్రలు కొన్ని కడుపులోకి, కొన్ని కిటికీ బయటికి పోతాయని మాత్రం హాస్టల్‌లో ఉన్న ప్రతివాళ్ళకూ తెలుసు. అందుకే ఈ జీవితం రాద్దామనిపించింది.

మేము ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివేటప్పుడు రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో లెక్కగట్టే ప్రాక్టికల్ ఒకటి చేశాం. రికార్డులో దాని పేరు ఫిస్కే-సుబ్బారో పద్ధతి. మా క్లాసులో ఒకరిద్దరు సుబ్బారో అంటే ఏ ఇటలీ దేశస్థుడో అనుకున్నారు. ఆ సుబ్బారో మన సుబ్బారావే. ఆ పద్ధతిని ఆయన తన గురువు సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా కాలేజీ ల్యాబుల్లో ఆ ద్రావణం నీలంగా మారడాన్ని విద్యార్థులు చూస్తూనే ఉన్నారు.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. పదమూడేళ్ళ వయసులో చదువు మీద మనసు లేక, కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడట. నిడదవోలు దాటకముందే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తర్వాత తండ్రి పోయారు. తల్లి తన నగలు అమ్మి చదువు చెప్పించింది. అయినా మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేం. ఆయనది పేదరికమే, కానీ మన తాతల పేదరికం వేరు. ఆయన పుట్టిన కులానికి బడి తలుపులు మూసి లేవు. అదే కాలంలో మన పెద్దలను గడప తొక్కనిచ్చిన బళ్ళు చాలా తక్కువ. ఆ తేడా దాచిపెట్టి ఆయన కష్టాన్ని మన కష్టంతో కలిపేస్తే అది నిజం కాదు. అయితే పరీక్ష తప్పడం, ఫీజుకు అప్పు కోసం తిరగడం, ఇంట్లో మనిషి జబ్బుతో కళ్ళ ముందే పోవడం ఎలా ఉంటుందో హాస్టల్‌లో చదివినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. పది తప్పి మళ్ళీ కడుతున్న తమ్ముళ్ళు మెట్రిక్ మూడోసారి అన్న వాక్యాన్ని మాత్రం ఇంకోసారి చదువుకోండి.

ఇంటర్మీడియట్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పూర్తయ్యాక ఆయన రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలనుకున్నారు. డాక్టరు అయి సేవ చేయమని అక్కడివారే నచ్చజెప్పడంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు, ఆ తర్వాత పిల్లనిచ్చిన మామ కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకు సాయపడ్డారు. గాంధీగారి పిలుపు విని సుబ్బారావు గారు ఖద్దరు కట్టుకుని ఆపరేషన్ థియేటరుకు పోవడం మొదలుపెట్టారు. సర్జరీ ప్రొఫెసరైన తెల్లదొరకు అది గిట్టలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. డిగ్రీ రాలేదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చి పంపేశారు. ప్రభుత్వ వైద్య సర్వీసులోకి వెళ్ళే దారి మూసుకుపోయింది. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ రోజులు గడిపారు.

ఆ ఇంటి మీద పడిన పెద్ద దెబ్బ వేరే ఉంది. సుబ్బారావు గారి అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతో ఒకే జబ్బుతో పోయారు. ఆ జబ్బు పేరు ట్రాపికల్ స్ప్రూ. మన పెద్దలు గ్రహణి అనే రోగం లాంటిది. పేగు లోపలి పొర పాడై, తిన్నది ఒంటికి పట్టదు. ఆగని విరేచనాలు, పుండు పడిన నాలుక, రోజురోజుకూ పాలిపోయే ముఖం. మనిషి అన్నం ముందు కూర్చునే ఆకలితో చచ్చిపోయినట్టు చచ్చిపోతాడు. సుబ్బారావు గారికీ ఆ జబ్బు వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. అన్నదమ్ములను తీసుకుపోయిన ఆ జబ్బులో ఏం లోపిస్తుందో అప్పటికి ప్రపంచంలో ఏ డాక్టరుకూ తెలియదు.

అమెరికాలోని హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల కోర్సు ఉందని తెలిసి అక్కడికి పోవాలని నిశ్చయించుకున్నారు. మామగారు కొంత డబ్బు ఇచ్చారు. కోరంగి తీరం నుంచి రంగూన్ పోయి సంపాదించి, ఆస్తిని ధర్మానికి రాసిపోయిన మల్లాడి సత్యలింగ నాయకర్ గారి పేరిట కాకినాడలో నడిచే ధర్మసంస్థ సాయం చేసింది. 1920ల మొదట్లో ఆయన ఓడ ఎక్కారు. అప్పటికి భార్య శేషగిరి గారు గర్భవతి. కొడుకు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. సుబ్బారావు గారు ఆ బిడ్డను చూడలేదు. భార్యనూ మళ్ళీ చూడలేదు. ఆయన ఎన్నడూ దేశానికి తిరిగి రాలేదు. ఆయన జీవితం రాసేవాళ్ళు ఈ సంగతిని ఒక వాక్యంతో దాటేస్తుంటారు. ఆ ఎదురుచూపు ఖరీదు కూడా ఆ మందుల ఖరీదులో కలిపి లెక్క వేయాలని మా అభిప్రాయం.

బోస్టన్‌లో చేతిలో డబ్బు లేదు. ఎల్.ఎం.ఎస్. డిగ్రీతో అక్కడ డాక్టరుగా పనిచేయనివ్వరు. రాత్రుళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తిపోసే పని చేశారు. పగలు చదువు. తర్వాత ఫిస్కే దగ్గర బయోకెమిస్ట్రీ ల్యాబులో చేరారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని, 1929లో ఏటీపీ ఉందని వాళ్ళిద్దరూ బయటపెట్టారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ అనే ఆయన కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. తొమ్మిది, పది తరగతుల్లో కణంలో శక్తికి నాణెం ఏటీపీ అని బట్టీ పడుతున్న తమ్ముళ్ళకు ఆ నాణెం దొరికిన చోట ఒక తెలుగు చేయి ఉందని తెలియాలి. 1930లో ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డు మాత్రం ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గరి పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి పరిశోధనకు వెళ్ళారు. రెండేళ్ళలో పరిశోధన విభాగానికి డైరెక్టరు అయ్యారు.

ఇప్పుడు మన మాత్ర దగ్గరికి వద్దాం. దాని కథ మొదలైంది అమెరికాలో కాదు, బొంబాయిలో. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరమ్మ బొంబాయికి వచ్చారు. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళు గర్భంతో ఉన్నప్పుడు రక్తం తగ్గిపోయి చనిపోతున్నారు. వాళ్ళ రక్తాన్ని మైక్రోస్కోపులో చూస్తే ఎర్రకణాలు తక్కువ ఉన్నాయి, ఉన్నవి మామూలు కంటే పెద్దగా, పక్వానికి రాకుండా ఉన్నాయి. వాళ్ళు ఏం తింటున్నారో ఆమె ఇల్లిల్లూ తిరిగి చూశారు. జబ్బు ఎక్కువగా ఉన్నది తిండి బాగా తక్కువైన ఇళ్ళలోనే. చివరికి ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చవక ముద్ద పెడితే రోగులు కోలుకున్నారు. 1931లో ఆమె ఆ సంగతి ప్రచురించారు. అందులో ఉన్న పదార్థం ఏమిటో తెలియక దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అన్నారు. ఆమె కొంతకాలం తమిళనాడులోని కూనూరులో ఉన్న పోషకాహార ల్యాబులోనూ పనిచేశారు. ఆ కూనూరు సంస్థే 1958లో హైదరాబాద్‌కు తరలి వచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. మన మేడ్చల్ నుంచి బస్సెక్కితే గంట, గంటన్నర దూరం.

1941లో టెక్సాస్‌లో కొందరు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఈ పదార్థాన్ని కొద్దిగా వేరుచేసి, లాటిన్‌లో ఆకు అనే మాట మీదుగా ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. టన్నులు పోస్తే చిటికెడు వచ్చే వస్తువును రోగులకు ఎలా ఇస్తారు? దాన్ని ల్యాబులో తయారు చేయగలగాలి. లెడర్లీలో సుబ్బారావు గారి బృందం పట్టుకున్న పని అది. జంతువుల కాలేయం నుంచి, సూక్ష్మజీవులు పెరిగిన ద్రవాల నుంచి కొద్దికొద్దిగా తీశారు. చేతికి వచ్చినదాంట్లో విటమిన్ ఉందా లేదా ఎలా తెలుస్తుంది? అది లేకపోతే పెరగలేని ఒక బ్యాక్టీరియాకు దాన్ని పెట్టి చూస్తారు. పెరిగితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అలా రాత్రింబవళ్ళు శోధించి 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారు చేశామని ప్రకటించారు. మరుసటి ఏడాది దాని అణువు నిర్మాణం బయటపెట్టారు.

మన పత్రికల్లో దీన్ని సుబ్బారావు గారు ఒక్కరే కనిపెట్టినట్టు రాస్తుంటారు. అది సరికాదు. ఆంజియర్, స్టోక్‌స్టాడ్, హచింగ్స్ లాంటి చాలామంది కలిసి చేసిన పని అది. ఎవరు ఏం చేయాలో చూసి, నడిపించి, కంపెనీ చేత డబ్బు పెట్టించినవాడు సుబ్బారావు గారు. చాలా పేపర్ల మీద ఆయన తన పేరే వేసుకోలేదు. అందరి పేర్లూ చెప్పినా ఆయన పెద్దరికం ఏమీ తగ్గదు.

ఆ మందును టామ్ స్పైస్ అనే డాక్టరు అమెరికాలోనూ క్యూబాలోనూ రోగులకు ఇచ్చి చూశారు. పెద్ద కణాల రక్తహీనత తగ్గింది. స్ప్రూ రోగుల నాలుక మానింది, ఆకలి పుట్టింది, ఒంట్లో రక్తం పట్టింది. స్ప్రూలో పాడైన పేగు పీల్చుకోలేక పోగొట్టుకునేవాటిలో ముఖ్యమైనది ఫోలిక్ యాసిడే. పురుషోత్తం, కృష్ణమూర్తి పోయిన పాతికేళ్ళకు వాళ్ళ జబ్బుకు మందు దొరికింది. అది వాళ్ళ ఇంటివాడి ల్యాబులోనే దొరికింది.

ఇంత చిన్న పదార్థం లేకపోతే అంత నష్టం ఎందుకు? ఒంట్లో ఒక కణం రెండు కావాలంటే ముందు డీఎన్ఏ రెండు కావాలి. దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. రక్తకణాలు, పేగు పొర, కడుపులో పెరిగే బిడ్డ, అన్నీ వేగంగా విభజన చెందేవే. అందుకే లోపం మొదట అక్కడే బయటపడుతుంది. నీరసం, మెట్లెక్కితే ఆయాసం, నాలుక మంట, చదివింది తలకెక్కకపోవడం. గర్భం నిలిచిన 28 రోజుల్లోపే బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకోవాలి. ఫోలిక్ యాసిడ్ తక్కువైతే అది సరిగా మూసుకోక, వెన్ను తెరుచుకున్న బిడ్డ పుట్టే ప్రమాదం పెరుగుతుంది. అప్పటికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమనే తెలియదు. లోగడ అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే మళ్ళీ అలా జరగడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి తేల్చింది. అందుకే పెళ్ళయిన అక్కలకు రోజుకు కనీసం 400 మైక్రోగ్రాములు గర్భానికి ముందు నుంచే కావాలంటారు. నెల తప్పాక ఆసుపత్రికి పోయి మొదలుపెడితే ఆ ఒక్క పనికి ఆలస్యమైపోతుంది.

మేడ్చల్, షామీర్‌పేట వైపు ఒకప్పుడు ద్రాక్షతోటలు ఉండేవి. ఇప్పుడు చాలావరకు ప్లాట్లు, వెంచర్లు. ఆ తోటల్లో కూలికి పోయిన ఆడవాళ్ళలో మా అమ్మ ఒకరు. నెత్తురు తక్కువుంది అన్న మాట మా ఇంట్లో చుట్టం లాగా ఎప్పుడూ ఉండేది. పొద్దున టీ, మధ్యాహ్నం అన్నంలో పచ్చిపులుసు, కూర ఉంటే నాన్నకూ పిల్లలకూ. ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలోనూ సగానికి పైనే. దీనంతటికీ ఫోలిక్ యాసిడే కారణం కాదు, ఎక్కువ భాగం ఐరన్ లోపం. అందుకే మాత్రలో రెండూ కలిపి పెట్టారు.

మాత్ర మింగితే కడుపులో తిప్పుతుందని చాలామంది పారేస్తారు. ఖాళీ కడుపున కాకుండా అన్నం తిన్నాక వేసుకుంటే ఆ బాధ చాలావరకు ఉండదు. మలం నల్లగా వస్తుంది, అది ఐరన్ వల్ల, భయపడనక్కర్లేదు. మాత్రకు ముందూ వెనుకా టీ తాగకూడదు. ఇక తిండి సంగతి. ఫోలిక్ యాసిడ్ పాలకూర, తోటకూర, శనగలు, పెసలు, బొబ్బర్లు, పల్లీలు, కాలేయంలో బాగా ఉంటుంది. అది నీళ్ళలో కరిగిపోతుంది, ఎక్కువసేపు ఉడికితే నశిస్తుంది. ఆకుకూర తరిగాక కడిగినా, ఉడికిన నీళ్ళు పారబోసినా సగం పోయినట్టే. మెస్ కమిటీలో ఉన్న తమ్ముళ్ళు వంటవాళ్ళతో ఈ ఒక్క మాట మర్యాదగా చెప్పగలరు. ఇంకో జాగ్రత్త. బీ12 అనే విటమిన్ లోపం ఉన్నవాళ్ళు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువగా వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది గానీ నరాలు లోపల దెబ్బతింటూనే ఉంటాయి. గుడ్డు, పాలు, మాంసం తినని వాళ్ళకు బీ12 తక్కువయ్యే అవకాశం ఎక్కువ. అందుకే మెడికల్ షాపులో సొంతంగా కొని మింగడం కంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం చూపించుకోవడం మంచిది.

ఫోలిక్ యాసిడ్ కథ అక్కడితో ఆగలేదు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లలకు దాని జాతి మందులు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా పెరిగినట్టు కనిపించింది. కణాల విభజనకు కావలసిన పదార్థమే క్యాన్సర్ కణాలకూ ఎరువయింది. అయితే దానిలాగే కనిపించి దాని పని చెడగొట్టే మందు కావాలి. సుబ్బారావు గారి ల్యాబు అమినోప్టెరిన్ తయారు చేసి పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. అప్పటిదాకా ఆ జబ్బు వచ్చిన పిల్లలు వారాల్లోనే, మహా అయితే నెలల్లో పోయేవారు. దాని తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్‌ను ఇవాళ్టికీ రక్త క్యాన్సర్‌కూ కీళ్ళవాతానికీ వాడుతున్నారు.

ఆయన నడిపిన ల్యాబు నుంచే 1947లో బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి పంచిన డీఈసీ మాత్ర అదే. డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త మట్టిలోంచి పట్టుకున్న ఆరియోమైసిన్ కూడా అక్కడిదే. టెట్రాసైక్లిన్ జాతిలో అది మొదటిది. తుర్కపల్లిలోని జీనోమ్ వ్యాలీ గేట్ల ముందు నుంచి, మేడ్చల్ మందుల కంపెనీల ముందు నుంచి రోజూ పోయే మనకు ఇలాంటి ల్యాబులు బయటి నుంచి మాత్రమే తెలుసు. లోపల పనిచేసేవాళ్ళలో మన హాస్టళ్ళ పిల్లలు కూడా కొందరున్నారు, ఇంకా ఎక్కువమంది కావాలి.

1946లో చట్టం మారి భారతీయులకు అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు వచ్చింది. సుబ్బారావు గారు ఆ పని పూర్తి చేయలేదు. భారతీయుడిగానే ఉండిపోయారు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. 53 ఏళ్ళు. ఫార్బర్ ఫలితాలు అచ్చయి అప్పటికి రెండు నెలలు. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది. శేషగిరి గారు ఇక్కడే ఉన్నారు. నోబెల్ బహుమతి రాలేదు, బతికుండగా స్వదేశంలో సన్మానమూ జరగలేదు. 1995లో శతజయంతికి తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. అంతకు చాలా ముందే, 1953లో, మురుగునీటిని శుద్ధి చేసే ఫిల్టర్ల మీద పెరిగే ఒక బూజుకు అమెరికా శాస్త్రవేత్త ఒకరు ఆయన పేరు పెట్టారు. సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని దాన్ని పిలుస్తారు.